మాత్ర ఒకటే, ధరలు వేరు



ఈ పూట మందుల ధరల గురించి మాట్లాడుకుందాం. బియ్యం ధర పెరిగితే బజారులో అందరూ మాట్లాడుకుంటారు. బస్సు చార్జీ పెరిగితే పేపర్లో వస్తుంది. మందుల ధర పెరిగితే మాత్రం ఎవరింట్లో వాళ్ళు మౌనంగా భరిస్తారు. జబ్బు మనిషితో బేరమాడే ఓపిక ఉండదు. డాక్టరుగారు రాశారు, కొనాలి, అంతే. అయితే ఆ ధర ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల మీదుగా పెరుగుతుంది అన్నది తెలుసుకుంటే, కొంత భారమైనా దించుకోవడానికి వీలుంటుంది.

ఇందుకు దూరం పోనక్కర్లేదు. మన చెన్నైలోని పెరంబూరునే తీసుకుందాం. తిరుపతి, పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి వైపు నుంచి రైల్లో వచ్చేవారికి ఈ స్టేషను బాగా పరిచయమే. రైల్వే వర్క్‌షాపులలో, 1955లో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో, బిన్నీ మిల్లు అని మనవాళ్ళు పిలుచుకున్న బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులో పనికి వచ్చి, ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ మిల్లు 1996లో మూతపడింది. రైల్వే మాత్రం నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఒక వీధిని ఊహించుకోండి. పక్కపక్కనే రెండు ఇళ్ళు. ఒక ఇంటాయన కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవారు. పక్కింటాయన మిల్లు మూతపడ్డాక ఆ పనీ ఈ పనీ చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నవారు. ఇద్దరికీ బీపీ, ఇద్దరికీ షుగరు. ఇద్దరికీ కావలసిన మందూ ఒకటే. మొదటి ఆయన రైల్వే వైద్య పథకం కార్డు తీసుకుని పెరంబూరు రైల్వే ఆస్పత్రికి వెళతారు. 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ మన దేశంలో మొట్టమొదటి బైపాస్ గుండె ఆపరేషన్ విజయవంతంగా చేసిన ఆస్పత్రి అది. అక్కడి కిటికీ దగ్గర ఆయనకు మందులు ఊరికే ఇస్తారు. రెండో ఆయన ప్రభుత్వాసుపత్రికి వెళితే అక్కడా ఊరికే ఇస్తారు. కానీ వరుసలో నిలబడే ఓపిక లేక, ప్రైవేటు డాక్టరుకు చూపించుకుని, వీధి చివరి మందుల షాపులో కొంటే నెలనెలా జేబు ఖాళీ అవుతుంది.

మాత్రలో ఉన్న పదార్థం మూడు చోట్లా ఒక్కటే. మరి ధరలో ఇంత తేడా ఎందుకు? రైల్వే ఆస్పత్రికి మందు కొనేది రైల్వే. ప్రభుత్వాసుపత్రికి కొనేది ప్రభుత్వం. షాపులో కొనేది ఒంటరి మనిషి. రైల్వేకి, ప్రభుత్వానికి లక్షల మాత్రలు ఒక్కసారి కొనే బలం ఉంది, బేరమాడే నిపుణులు ఉన్నారు. ఒంటరి మనిషికి ఆ రెండూ లేవు. అసలు ఏ మందు కొనాలో నిర్ణయించేది కూడా ఆయన కాదు. రాసేది డాక్టరు, అమ్మేది షాపు, డబ్బు ఇచ్చేది రోగి. మరే వస్తువు కొనడంలోనూ ఈ విడ్డూరం కనిపించదు. చీర కొనే ఆవిడ రంగు చూసి, నేత చూసి, పక్క కొట్లో ధర అడిగి కొంటుంది. మందు కొనేవారికి ఆ అవకాశం లేదు. మందుల ధరల కథంతా ఈ ఒక్క మెలిక చుట్టూ తిరుగుతుంది.

ఇక ఒక మాత్ర ధరలో ఏమేమి చేరతాయో చూద్దాం. మొదటిది ముడి మందు, అంటే జబ్బు మీద పనిచేసే అసలు రసాయనం. రెండోది దాన్ని మాత్రగా చేసి, షీటులో పెట్టి, పరీక్షించే ఖర్చు. మూడోది ప్రచారం: కంపెనీ ప్రతినిధులు బ్యాగులు పట్టుకుని డాక్టర్ల గదుల ముందు కూర్చోవడం మీరు చూసే ఉంటారు. నాలుగోది హోల్‌సేల్ వ్యాపారి, షాపు యజమాని లాభం. అయిదోది పన్ను. ఈ పన్ను మాత్రం ఇటీవల తగ్గింది. 2025 సెప్టెంబరులో చాలా మందులపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. కొన్ని ప్రాణరక్షక మందులపై పూర్తిగా ఎత్తేశారు.

ముడి మందుల సంగతికి వస్తే, ఇది మన తెలుగువారికి దగ్గరి విషయం. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ సోవియట్ సహాయంతో హైదరాబాదులో కర్మాగారం పెట్టింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థ స్థాపించారు. అలా హైదరాబాదు ముడి మందుల తయారీకి పెద్ద కేంద్రమైంది. అయినా మనం దిగుమతి చేసుకునే ముడి మందుల్లో సుమారు మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తున్నాయి. అక్కడ ధర పెరిగినా, ఓడ ఆలస్యమైనా ఇక్కడ తయారీదారుకి ఖర్చు పెరుగుతుంది. 2020 నుంచి కేంద్ర ప్రభుత్వం ముడి మందుల తయారీకి ప్రోత్సాహకాలు ఇస్తున్నది ఇందుకే. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ప్రారంభమైంది కూడా ఈ ప్రయత్నంలో భాగంగానే.

కానీ సాధారణ మందుల విషయంలో, మాత్ర తయారీకయ్యే ఖర్చుకీ, షీటు మీద అచ్చయిన ధరకీ మధ్య ఉండే దూరంలో ఎక్కువ భాగం ముడి మందు వల్ల వచ్చేది కాదు. అది పేరు వల్ల వచ్చేది. ఒకే మందును పదుల కొద్దీ కంపెనీలు తమ తమ పేర్లతో అమ్ముతాయి. మందుకు అసలు పేరు ఒకటి ఉంటుంది, దాన్ని జనరిక్ పేరు అంటారు. కంపెనీ పెట్టుకున్న ముద్దు పేరు ఒకటి ఉంటుంది, అది బ్రాండు. చీటీ మీద ఏ ముద్దు పేరు పడితే ఆ కంపెనీకే అమ్మకం. అందుకని పోటీ అంతా డాక్టరు కలం దగ్గర జరుగుతుంది, షాపు బల్ల దగ్గర కాదు. మామూలు వస్తువులకు పోటీ వల్ల ధర తగ్గుతుంది. మందుల విషయంలో పోటీ వల్ల ప్రచార ఖర్చు పెరిగి, అదీ మన నెత్తినే పడుతుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. జైసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1975లోనే బ్రాండు పేర్లను క్రమంగా తొలగించమని సిఫారసు చేసింది. వైద్య మండలి 2002 నిబంధనలు వీలైనంత వరకు జనరిక్ పేర్లతోనే రాయమన్నాయి. 2016లో ఆ అక్షరాలు అందరూ చదివేలా, పెద్దవిగా ఉండాలని కూడా సవరించారు. 2023లో జాతీయ వైద్య కమిషన్ దీన్ని మరింత గట్టిగా చెప్పబోతే, వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ నిబంధనలను అదే ఆగస్టులో నిలిపివేశారు.

వైద్యుల అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. వాళ్ళు అనేదేమిటంటే, నేను మంచి కంపెనీ మందు రాస్తే రోగికి నయమవుతుందన్న నమ్మకం నాకుంటుంది, జనరిక్ పేరు రాస్తే ఏ కంపెనీ మందు ఇవ్వాలో షాపువాడు నిర్ణయిస్తాడు, తనకు ఎక్కువ లాభం వచ్చేది అంటగడతాడు అని. ఇందులో నిజం లేకపోలేదు. ఉదాహరణకు ఒక షీటు మీద వంద రూపాయలని అచ్చయి ఉందనుకుందాం. షాపుకి అది ఇరవై రూపాయలకే వచ్చిందనుకుందాం. ఇరవై శాతం తగ్గించి ఇస్తానంటే కొనేవారు సంతోషంగా ఎనభై ఇచ్చి వెళతారు. జనరిక్ మందే, చవక మందే, కానీ ఆ చవక షాపు దగ్గరే ఆగిపోయింది. కాబట్టి తగ్గింపు బోర్డు చూసి మురిసిపోవడం సరికాదు. ఎంత తగ్గించారన్నది కాదు, చివరికి ఎంత ఇచ్చామన్నదే లెక్క.

పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది ఇంకా దూరం పోతుంది. జాతీయ ఔషధ ధరల సంస్థ 2018లో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు పరిశీలించి, మందులు, సిరంజిల వంటి సామగ్రిపై లాభం 1,737 శాతం దాకా ఉన్నట్టు చెప్పింది. మంచం మీద పడుకున్న రోగి బయటికి వెళ్ళి ధర విచారించలేడు కదా!

మరి ధరల నియంత్రణ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 1970 నుంచి ధరల నియంత్రణ ఉత్తర్వులు ఉన్నాయి. 1979 ఉత్తర్వు 347 ముడి మందులను పట్టుకుంది. 1987లో అవి 142కి తగ్గాయి. 1995 ఉత్తర్వు నాటికి డెబ్బయి అయిదుకు అటూ ఇటూ అయ్యాయి. 2013లో పద్ధతే మారింది. అంతకు ముందు తయారీ ఖర్చు లెక్కగట్టి, దాని మీద ఇంత శాతమని కలిపి ధర నిర్ణయించేవారు. 2013 నుంచి బజారులో ఒక్క శాతానికి తక్కువ కాకుండా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి షాపు లాభం 16 శాతం కలిపి గరిష్ఠ ధరగా నిర్ణయిస్తున్నారు. అంటే ఎక్కువ ధరకు అమ్మే పెద్ద బ్రాండ్లే ఆ సగటును పైకి లాగుతాయి. ఇది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్న వాటికి వర్తిస్తుంది. 2022 జాబితాలో ఉన్నవి 384 మందులు. ఈ జాబితా మందుల ధరను టోకు ధరల సూచీని బట్టి ఏటా సవరిస్తారు. ఆ లెక్కన 2022లో 10 శాతానికి పైగా, 2023లో 12 శాతానికి పైగా పెంచుకోవడానికి అనుమతి దొరికింది. జాబితాలో లేని మందుల ధరను కంపెనీలు సంవత్సరానికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. జాబితాలో లేని మోతాదులకు, చాలా మిశ్రమ మందులకు ఈ గరిష్ఠ ధర కాపలా లేదు.

అయితే నియంత్రణ పట్టుదలగా చేస్తే ఫలితం కనిపిస్తుంది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ ధర విధించారు. లక్ష దాటి అమ్ముడుపోయిన మందు పూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది.

ఇప్పటిదాకా చెప్పుకున్నవి పాత మందులు, ఎవరైనా తయారు చేయగలిగినవి. కొత్త మందుల సంగతి వేరు. అక్కడ ధరను నడిపేది పేటెంటు. 1960 ప్రాంతంలో అమెరికా సెనేటులో కెఫావర్ సంఘం విచారణ జరిపి, మందుల ధరలు అత్యధికంగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని తేల్చింది. అంత పేద దేశంలో అంత ధర! కారణం అప్పటి పేటెంటు చట్టం. దాన్ని ఎలా మార్చాలో 1959లో నివేదిక ఇచ్చినవారు మన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఎన్. రాజగోపాల అయ్యంగార్. ఆ దారిలోనే 1970 పేటెంట్ల చట్టం వచ్చింది. 1972 నుంచి మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చారు. వేరే పద్ధతి కనిపెట్టిన వారెవరైనా అదే మందు తయారు చేయవచ్చు. హైదరాబాదు కంపెనీలు ఎదిగింది ఆ నీడలోనే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005లో మళ్ళీ మందుకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. కానీ పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే, రోగికి అదనపు ప్రయోజనం ఉందని రుజువు చేస్తేనే ఇవ్వాలని మన చట్టంలో మూడవ సెక్షను, డి క్లాజు కింద షరతు పెట్టారు.

ఆ షరతుకు పరీక్ష జరిగింది మన చెన్నైలోనే. రక్త క్యాన్సరుకు వాడే గ్లివెక్ మందు కోసం నోవార్టిస్ కంపెనీ 1998లో చెన్నై పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు పెట్టింది. 2006 జనవరిలో అది తిరస్కరణకు గురైంది. ఆ షరతే చెల్లదని కంపెనీ వాదిస్తే, 2007లో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంటు ఇవ్వడానికి నిరాకరించింది. ఆ మందు కంపెనీ ధర నెలకు సుమారు లక్షా ఇరవై వేలు. మన దేశపు కంపెనీలు చేసినది నెలకు ఎనిమిది నుంచి పదివేలు. ఆ తీర్పు మరోలా వచ్చి ఉంటే ఎన్ని ఇళ్ళు పొలాలమ్ముకునేవో ఆలోచించండి.

ఇంకొకటి హైదరాబాదు కథ. కాలేయం, మూత్రపిండాల క్యాన్సరుకు వాడే నెక్సావర్ మందును బేయర్ కంపెనీ నెలకు 2 లక్షల 80 వేలకు అమ్మేది. అవసరమైన వారిలో 2 శాతానికి కాస్త మించి మాత్రమే అందేది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు, హైదరాబాదు నాట్కో ఫార్మాకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. మన దేశంలో అదే మొదటిది. నాట్కో నెలకు 8,800 రూపాయలకు అమ్మాలని, అమ్మకాలపై 6 శాతం బేయరుకు రాయల్టీ ఇవ్వాలని షరతు.

కంపెనీలు తమ వైపు మాట చెబుతాయి. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్ళు పడుతుంది, పదిటిలో తొమ్మిది విఫలమవుతాయి, ఆ ఖర్చు రాబట్టుకోవద్దా అని. న్యాయమైన ప్రశ్నే. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు వంటివారి పరిశోధన లేకపోతే బోదకాలుకు మందెక్కడిది? పరిశోధనకు ప్రతిఫలం ఉండాలి. అయితే కొనలేని ధరకు పెట్టిన మందు, రోగి దృష్టిలో లేని మందుతో సమానం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే చట్టానికీ, కోర్టులకూ వచ్చిన సమస్య.

ఇక దారి ఏమిటి? ముందు ప్రభుత్వం చేయగలిగింది ఏమిటో తమిళనాడు చూపించింది. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. అంతకు ముందు జిల్లాకొకరు, ఆస్పత్రికొకరు మందులు కొనేవారు. ఆ తర్వాత రాష్ట్రం మొత్తానికి ఒకేచోట టెండరు. దళారీలు కాకుండా తయారీదారులే పాల్గొనాలి. ముందు నాణ్యత అర్హత చూస్తారు, తర్వాతే ధర కవరు విప్పుతారు. వచ్చిన ప్రతి బ్యాచి నుంచి నమూనా తీసి, కంపెనీ పేరు కనిపించకుండా చేసి పరీక్షకు పంపుతారు. తప్పితే సరుకు వెనక్కి, కంపెనీ నల్లజాబితాలోకి. ప్రతి ఆస్పత్రికీ బ్యాంకు పుస్తకంలాగా ఒక పాసు పుస్తకం ఇచ్చి, అవసరాన్ని బట్టి జిల్లా గిడ్డంగి నుంచి మందు తీసుకోమన్నారు. షీటు మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది కనుక అది బయట షాపుల్లోకి జారదు. జనరిక్ మందుల నాణ్యత మీద వైద్యులు వేసే ప్రశ్నకు దీన్ని మించిన జవాబు లేదు: నమ్మకం పేరుతో రాదు, పరీక్షతో వస్తుంది. కేరళ, రాజస్థాన్ ఇదే బాటలో తమ సంస్థలు పెట్టుకున్నాయి.

బయట కొనేవారి కోసం కూడా ఏర్పాట్లున్నాయి. 2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలు 2025 నాటికి దేశంలో 15,000 దాటాయి. తమిళనాడు ప్రభుత్వం 2025 ఫిబ్రవరి 24న ముఖ్యమంత్రి మందుల దుకాణాలు, అంటే ‘ముదల్వర్ మరుందగం’ పేరుతో వెయ్యి దుకాణాలు తెరిచింది.

ఇక మన వంతు. మొదటిది, డాక్టరుగారి గదిలోనే అడగండి. ఎందుకంటే, చీటీలో ఒక బ్రాండు రాసి ఉంటే, దాని బదులు మరొకటి ఇవ్వడానికి షాపువారికి మన చట్టం అనుమతించదు. కాబట్టి షాపులో అడిగి లాభం లేదు. “అయ్యా, ఇది జీవితాంతం వాడాల్సిన మాత్ర కదా, అసలు పేరు రాసివ్వండి, జన ఔషధిలో దొరుకుతుందేమో చూస్తాం” అని మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు కాదనరు. రెండోది, రాసిన ప్రతి మందూ దేనికో అడగండి. అవసరం లేని టానిక్కు, విటమిను ఒకటి తగ్గినా ఆ నెల మాత్రల ఖర్చు కలిసి వస్తుంది. మూడోది, బిల్లు తీసుకోండి, బ్యాచి నంబరు ఉండేలా చూసుకోండి. గరిష్ఠ ధరకు మించి వసూలు చేస్తే జాతీయ ఔషధ ధరల సంస్థ ఉచిత ఫోను 1800 111 255కి ఫిర్యాదు చేయవచ్చు. నాలుగోది, మూర్ఛకు, థైరాయిడుకు, రక్తం పలచబడటానికి, మూత్రపిండం మార్పిడి తర్వాత వాడే మందుల కంపెనీని డాక్టరుకు చెప్పకుండా మార్చకండి. వీటి మోతాదులో చిన్న తేడా కూడా పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ధర భరించలేక బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవారు, షుగరు మాత్ర సగం విరిచి పొదుపు చేసేవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. ఇంటాయనకు పూర్తిగా వేసి, తమకు మాత్రం రేపు చూద్దాంలే అనుకుంటారు. ఆ మిగిలిన రూపాయలు పక్షవాతం వచ్చిన రోజు ఒక్క పూటలో పోతాయి. మనిషి మళ్ళీ లేవకపోవచ్చు కూడా. కనుక మాత్ర తగ్గించకండి, ధర తగ్గే చోటు వెతకండి. ప్రభుత్వాసుపత్రిలో బీపీకి, షుగరుకు నెల మందులు ఇస్తారు. వరుస పొడుగ్గా ఉంటే ఇంట్లో పిల్లల్ని తోడు పంపండి. ఈ మధ్య ఆస్పత్రులే ఇంటి వద్దకు మందులు తెచ్చే ఏర్పాటు కూడా తమిళనాడులో 2021 నుంచి జరుగుతున్నది. మీ వీధి ఆరోగ్య కార్యకర్తను అడగండి.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో రోజూ వేసుకునే మాత్రల షీటు తిరగేసి, బ్రాండు పేరుతో పాటు ఉన్న అసలు పేరు ఒక కాగితం మీద రాసుకోండి. ఇంగ్లీషు రాకపోతే చదువుకునే పిల్లల చేత రాయించండి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకోండి. పక్కింటి పెద్దాయనకు కూడా ఒకటి రాసివ్వండి.